రాజుగారి వేగులు

సౌదీలోని అభా నగరంలో ఒక ఇంటి వంటగదిలో ఖాశింబీ ఉల్లిపాయలు తరుగుతోంది. కడపలో ఉన్న కూతురు ఫోన్లో పాఠం అప్పజెబుతోంది.

“రాజులకు వేగులుండేవాళ్లు. జనంలో కలిసిపోయి, వాళ్ల గుట్టంతా రాజుకు చేరవేసేవాళ్లు. మా, వాళ్లతోనే కూర్చోని తింటా, వాళ్ల మీదే చెప్పేకి నోరెట్ల వచ్చింది?”

“నోర్మూసుకోని సదువుకో మే!” ఖాశింబీ కసురుకుంది.

కొత్తగా చేరిన పనిమనుషులకు ఆ ఇంట్లో ఫోన్ కూడదు. వాళ్లలో ఒకతైన నూకరత్నం పరుపు కింద ఫోన్ దాచుకుందని నిన్న మేడమ్ చెవిన వేసింది ఖాశింబీయే. మేడమ్ దాన్ని లాక్కుంది. ఖాశింబీని మెచ్చుకుని, శుక్రవారం సెలవిచ్చింది.

ఇప్పుడు నూకరత్నం ఏడ్చిన కళ్లతో వచ్చి పక్కన నిలబడింది.

“అక్కా, ఈ ఇంట్లో నాకు నువ్వే దిక్కు. ఒక్కసారి నీ ఫోనివ్వవా? మా పిల్లతో మాట్టాడతాను.”

ఖాశింబీ తలెత్తకుండానే ఫోన్ అందించింది. అందులోంచి కూతురింకా అడుగుతూనే ఉంది.

“చెప్పు మా, నోరెట్ల వచ్చింది?”