ఫోనుకీ చెవికీ మధ్య

"వచ్చావా అమ్మాయ్, మీ మామగారికి టీవీ మాటలు మళ్ళీ ముక్కలు ముక్కలుగా వస్తున్నాయట, కాస్త చూడు" అని అత్తగారు గుమ్మంలోనే అందుకుంది. బుల్లి ఇంకా చెప్పులైనా విడవలేదు. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఐదింటిదాకా ఆమె చేసొచ్చిందీ అదే పని. వైర్లు లేని హెడ్‌ఫోన్లు తయారుచేసే కంపెనీలో హెల్ప్‌లైన్ ఉద్యోగం ఆమెది. పాట ఆగి ఆగి వస్తోందని ఒకరు, గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టుందని ఒకరు, "మా ఆవిడ మాట సగమే వినపడుతోందండీ, నాకేం ఇబ్బంది లేదుగానీ ఆవిడే మీకు ఫోన్ చెయ్యమంది" అని ఇంకొకరు. అందరికీ నవ్వు ముఖంతో జవాబు చెప్పి, చెవులు హోరెత్తిపోయి, రెండు బస్సులు మారి ఇంటికొస్తే ఇక్కడ ఇంకో కస్టమరు సిద్ధంగా ఉన్నాడు. అక్కడైతే దాన్ని ఉద్యోగమంటారు. ఇంట్లో 'కాస్త చూడు' అంటారు.

చూసింది. టీవీ నుంచి హెడ్‌ఫోన్‌కి మాటలు పంపే చిన్న పెట్టెని మామగారు, దుమ్ము పడుతుందని, వైఫై రౌటర్ వెనక్కి నెట్టేశారు. దాన్ని ఇవతలికి లాగి, ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే సరిపోయింది. ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా బొటనవేలు పైకెత్తారు. "ఇంట్లో ఎక్స్‌పర్టు ఉండగా మనకేం దిగుల్లే నాన్నా" అన్నాడు సోఫాలోంచి భర్త. మెచ్చుకోలే మరి, కాదనకూడదు. దాన్ని పుచ్చుకుని, ఫోను హాల్లో అలమర మీద పెట్టి, ఒక చెవికి ఇయర్‌ఫోన్ తగిలించుకుని బుల్లి వంటింట్లోకి వెళ్ళింది.

ఫోను అలమర మీద ఎందుకంటే, అది ఆ ఇంటి పద్ధతి. కాపురానికొచ్చిన రెండో నెలలో ఆమె అక్కతో మాట్లాడుతూ స్టవ్ మీద పాలు పొంగించింది. పొంగింది గ్లాసెడు పాలు. దాని మీద వారం రోజులు మాటలు నడిచాయి. "ఇంట్లోకి రాగానే నీ ఫోను ఆ అలమర మీద పెట్టెయ్యి, మోగితే మాలో ఎవరో ఒకరం తీస్తాం" అంది అత్తగారు. "అమ్మ చెప్పిందాంట్లో తప్పేముంది?" అన్నాడు భర్త. తప్పేముందో ఆమెకి అప్పటికప్పుడు తోచలేదు. తోచాక చెప్పే రోజు దాటిపోయింది. భర్త ఫోను మాత్రం స్నానాల గదిలోకి కూడా వెళ్ళొస్తుంది, దానివల్ల ఏ పాలూ పొంగవు. తర్వాత కంపెనీ వాళ్ళు ఇయర్‌ఫోన్లిచ్చినప్పుడు బుల్లి ఎంత పొంగిపోయిందో! ఫోను అలమర మీదే ఉంటుంది, మాట మాత్రం తన చెవిలో ఉంటుంది. పద్ధతీ తప్పలేదు, అక్కా దూరం కాలేదు. తన తెలివికి తనే మురిసిపోయింది పిచ్చిమొహం.

కొత్తగా చేరిన అమ్మాయిలకి హెల్ప్‌లైన్ పని నేర్పేది కూడా ఆమే. మాట తెగుతోందని ఎవరు ఫోన్ చేసినా ముందు నాలుగు ప్రశ్నలడగాలి. ఫోనుకీ చెవికీ మధ్య గోడ ఉందా? ఫ్రిజ్ లాంటి ఇనప సామానుందా? దగ్గర్లో మైక్రోవేవ్ ఏమైనా తిరుగుతోందా? మీరు ఫోను వైపు తిరిగి ఉన్నారా, వీపు పెట్టారా? మనిషి ఒళ్ళు కూడా అడ్డమేనండీ, ఒంట్లో ఉన్నది సగానికి పైగా నీళ్ళే కదా, అది సిగ్నల్ని తాగేస్తుంది, అని ఓపిగ్గా చెప్పాలి. సంవత్సరాల తరబడి చెబుతూనే ఉంది. తన ఇంట్లో హాలుకీ వంటింటికీ మధ్య గోడ ఉంది. గోడకి ఇవతల ఫ్రిజ్ ఉంది. దాని మీద మైక్రోవేవ్ ఉంది. స్టవ్ దగ్గర నిలబడితే అలమరకి సరిగ్గా వీపే ఉంటుంది. ఒక్క చోటే అన్ని అడ్డాలూ ఉన్న కస్టమరు ఆమెకి ఎన్నడూ తగల్లేదు, తను తప్ప. వాటన్నిటికీ మందు కూడా ఒకటే, ఫోను వెంట తీసుకెళ్ళడం. ఇంకెవరైనా అడిగి ఉంటే పది సెకన్లలో చెప్పేది.

సాయంత్రం ఏడింటికి అక్క ఫోన్ చేసేది. అక్క బట్టలు కుడుతుంది. అమ్మ పోయాక బుల్లిని పెంచిందీ, చదివించిందీ, తన పెళ్ళి సంగతి మర్చిపోయి చెల్లెలి పెళ్ళి చేసిందీ ఆ మెషిను మీదే. పగలంతా మెషిను ముందు కూర్చుని, దాని మీద గుడ్డ కప్పగానే చెల్లెలికి ఫోన్ చేస్తుంది. అదే ఆవిడకి వినోదం. ఆ మాటలు బుల్లి చెవిలోకి చేరేసరికి కత్తిరింపుల్లో మిగిలిన ముక్కల్లా ఉండేవి. ఏ జాకెట్టు బిగుతైందో, ఎవరు గొడవ పెట్టుకున్నారో తెలిసేది కాదు. బుల్లి 'ఊ' కొట్టేది. నవ్వినట్టు అనిపిస్తే నవ్వే 'ఊ', గొంతు దిగినట్టు అనిపిస్తే జాలి 'ఊ', ఏదీ తెలియకపోతే "అలాగే అక్కా". ఆఫీసులో ఆమె కుర్చీ ఎదురుగా గోడ మీద పెద్దక్షరాలతో రాసుంటుంది, వినపడని మాటకి సరే అనకండి అని. రోజుకి అరవైసార్లు పరాయివాళ్ళని "క్షమించండి, మరోసారి చెప్తారా" అని అడుగుతుంది. ఇంట్లో ఆ మాటనాలంటే గొంతు పెంచాలి. పెంచితే "ఎవరితోనమ్మా ఆ కేకలు?" అని హాల్లోంచి వస్తుంది. దానికన్నా 'ఊ' సులువు.

ఆ రోజు కూడా అలాగే జరిగింది. ఒక చేత్తో కూర కలుపుతూ, ఇంకో చేత్తో మామగారి మాత్రలు డబ్బాలో సర్దుతూ ఉంటే చెవిలో అక్క గొంతు తెగి తెగి పడుతోంది. 'డాక్టరు' అన్న మాట వచ్చింది. కాసేపు ఏమీ రాలేదు. 'పది రోజులు' అని వచ్చింది. తర్వాత 'కుదరకపోతే' అనో 'కుదిరితే' అనో ఏదో వచ్చింది. చివర్లో అక్క ఆగింది. జవాబు కోసం ఆగిందని బుల్లికి తెలిసింది. అప్పుడే "ఇంకా ఎంతసేపు?" అని భర్త కేకేశాడు.

"అలాగే అక్కా" అంది బుల్లి.

అవతల కాసేపు మాట లేదు. "సరే తల్లీ, పని చూసుకో" అంది అక్క. ఆ ఒక్క మాట మాత్రం ఎక్కడా తెగకుండా వచ్చింది.

మర్నాడు బస్సులో గుర్తొచ్చి, "నిన్న డాక్టరంటున్నావేంటక్కా?" అని ఫోన్ చేసి అడిగింది కూడా. "ఏదో చెవిపోటులేవే, చుక్కలిచ్చారు" అంది అక్క. హమ్మయ్య అనుకుంది బుల్లి. నిజం చెప్పాలంటే ఆ హమ్మయ్యలో సగం చెవిపోటేనని కాదు, తను చెయ్యాల్సింది ఏమీ లేదని. మళ్ళీ రెట్టించి అడగలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా అక్క ఫోన్ నంబరు నుంచి ఎవరో కొత్త గొంతు మాట్లాడింది. అక్క దగ్గర కాజాలు కుట్టే ఆవిడ. "మీ అక్కకి నిన్న చెవి ఆపరేషనయిందమ్మా. నీకు చెప్పొద్దంది, నాకే మనసాగలేదు. లోపల ఎముకని పురుగు తిన్నట్టు తినేసిందట. ముందే వచ్చుంటే వినికిడి నిలిచేదని డాక్టరు కోప్పడ్డాడు. కుడి చెవి ఇంక లేదు తల్లీ" అని చెప్పింది. ఆ మాటలు ఎంత స్పష్టంగా వచ్చాయో! ఒక్క అక్షరం తెగలేదు. బుల్లి సూపర్‌వైజరుకి ఒక ముక్క చెప్పి, భర్తకి 'అక్క దగ్గరికి వెళ్తున్నాను' అని మెసేజి పెట్టి, ఉన్న చీరతోనే బస్సెక్కింది.

దారంతా ఆమె తనని తాను నిలదీసుకుంటూనే ఉంది. ఎనిమిది నెలల కిందటి సాయంత్రాన్ని వెనక్కి తిప్పి తిప్పి చూసుకుంది. డాక్టరు, పది రోజులు. ఈ రెండు మాటలు చాలవా? ఏ కస్టమరైనా ఆ రెండు మాటలే చెప్పుంటే మిగతాదంతా తనే కూపీ లాగేది కాదూ? కానీ మనసు ఊరుకోదు కదా, తప్పించుకునే సందు వెతుకుతుంది. గోడ ఉందంది. ఫ్రిజ్ ఉందంది. వినపడలేదు, వినపడుంటే పరుగెత్తుకొచ్చేదాన్ని, అని బస్సు దిగేలోపు ఆమె తనకే గట్టిగా నచ్చజెప్పుకుంది. అక్కకి కూడా అదే చెబుదామనుకుంది. అలా అనుకున్నాక కాస్త ఊపిరాడింది.

అక్క ఆసుపత్రి మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. తల చుట్టూ కట్టు. మనిషి సగమైపోయింది. బుల్లి కుడివైపు నిలబడి "అక్కా" అంటే పలకలేదు. రెండోసారి కాస్త గట్టిగా అంటే కాజాల ఆవిడ సైగ చేసింది, ఎడమవైపుకి వెళ్ళమని. మంచం చుట్టూ తిరిగి అటు వెళ్ళేసరికి బుల్లికి ఏడుపు ఆగలేదు.

"ఏడవకే పిచ్చిదానా, చేతులు బాగానే ఉన్నాయిగా. కాకపోతే మెషిను చప్పుడు ఒక పక్కే వినపడుతోంది, నూనె ఎప్పుడెయ్యాలో తెలియడం లేదు" అని నవ్వబోయి, కట్టు దగ్గర నొప్పి లాగడంతో ఆగిపోయింది అక్క. కాజాల ఆవిడ జావ తెస్తానని బయటికి వెళ్ళింది.

"ఆ రోజు నాకు వినపడలేదక్కా" అంది బుల్లి. ఇంక మొదలుపెట్టింది. అలమర సంగతి చెప్పింది. గోడ, ఫ్రిజ్, స్టవ్ దగ్గర తను ఎటు తిరిగి నిలబడుతుందో అంతా చెప్పింది. మనిషి ఒళ్ళు సిగ్నల్ని ఎలా తాగేస్తుందో కూడా చెప్పింది. చెబుతూంటే తన గొంతు హెల్ప్‌లైన్ గొంతులా ఉండడం తనకే వినపడింది, అయినా ఆపలేకపోయింది. అక్క ఎడమ చెవి ఇటు తిప్పి అంతా విన్నది.

"నీకు వినపడలేదని నాకా రోజే తెలుసే" అంది చివరికి.

"తెలుసా? మరి మళ్ళీ చెప్పలేదేం?"

"నేనేం అడిగానో తెలుసా? ఆపరేషనుకి పది రోజులు తోడుండాలి, వస్తావా, కుదరకపోతే వాయిదా వేయించుకుంటాను అన్నాను. నువ్వు అలాగే అన్నావు. వస్తాననో, వాయిదా వేసుకోమనో ఏదీ కాదని అర్థమైంది. మళ్ళీ అడుగుదామని నోటిదాకా వచ్చింది." అక్క దుప్పటి అంచు సరిచేసుకుంది. "మళ్ళీ అడిగితే నీకు వినపడేది. విని, ఇంట్లో అడిగి చెప్తాననేదానివి. అడిగి, రావడానికి వీల్లేదన్నారక్కా అనేదానివి. అది వినే ఓపిక లేకపోయింది నాకు, వాయిదా వేయించుకుంటూ పోయాను. వినపడలేదు పాపం అనుకుంటే కాస్త హాయిగా ఉండింది."

బుల్లి ఏదో అనబోయింది. కాదక్కా, వచ్చేదాన్ని అనాలి. ఆ మాట నోటికి రాలేదు. ఎందుకంటే అక్క చెప్పింది అక్షరాలా నిజం. 'అడిగి చెప్తాను' అన్న మాట పెళ్ళయినప్పటి నుంచీ ఆమె ఎన్నిసార్లు అనలేదు! సినిమాకి రమ్మంటే అడిగి చెప్తాను. ప్రమోషనిస్తాం, షిఫ్టు మారుతుందంటే అడిగి చెప్తాను, అడిగితే "ఇప్పుడు అంత అవసరమా?" అన్నాడు భర్త, మానేసింది. అక్క గొంతుకి గోడా ఫ్రిజ్జూ అడ్డం పడ్డాయేమోగానీ, అవి లేకపోయినా ఆ రోజు జరిగేది ఇదే. బస్సులో తను కట్టుకున్న సాకు మొత్తం కుప్పకూలింది. సిగ్గుతో అక్క ముఖంలోకి చూడలేక, ఆవిడ పాదాల మీద దుప్పటి కప్పుతూ కూర్చుంది.

"అవునక్కా. అలాగే అనేదాన్ని" అంది.

అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. దెప్పినా బాగుండేది.

పొద్దువాలుతుండగా భర్త ఫోన్ చేశాడు. బుల్లి అక్కడే, మంచం అంచునే కూర్చుని తీసింది.

"ఎలా ఉందట? నువ్వు ఇవాళే వచ్చేస్తావుగా?"

"లేదండీ. పది రోజులుంటాను."

"పది రోజులే! అమ్మకి చెప్పావా?"

"మీరు చెప్పండి."

"మరి నీ ఆఫీసు?"

"సెలవు పెట్టేశాను."

అవతల ఒక్క క్షణం కూడా ఆగలేదు. "సరేలే, ఏం చేస్తాం మరి. ఇక్కడ మేమేదో చూసుకుంటాం, జాగ్రత్త" అన్నాడు. అంతే. అరవలేదు, అలగలేదు. ఆకాశమూ విరిగి పడలేదు. అడిగి చెప్తానంటూ ఇన్నేళ్ళు తను దేనికి భయపడిందో ఆ 'సరేలే'ని విన్నాక ఆమెకి అర్థం కాలేదు.

కాల్ ఎంతసేపు నడిచిందో చూసుకోవడం ఉద్యోగం నేర్పిన అలవాటు. చూసుకుంది. ముప్పై ఎనిమిది సెకన్లు. ఈ ముప్పై ఎనిమిది సెకన్లూ ఎనిమిది నెలల ముందు మాట్లాడి ఉంటే, అక్కకి రెండు చెవులూ వినపడేవి.