గట్టిమేళం కింద

మెయిల్ వచ్చేసరికి సుధామయి చపాతీ పిండి కలుపుతోంది. దేవేందర్ వెనక నుంచి వచ్చి ఆమెను గిర్రున తిప్పేశాడు. తార్నాకలో ఆ కొత్త కాపురపు వంటగది ఎంతని, ఇద్దరూ తిరిగేసరికి గరిటెలన్నీ కింద పడ్డాయి.

"సెలెక్టయింది సుధా! శనివారం యూనివర్సిటీ ఆడిటోరియంల మొదటి ఐటం నాదే!"

అతను వాద్యాలు ముట్టుకోడు. రికార్డు చేసిన శబ్దాలనే పేర్చి సంగీతం కడతాడు. వాళ్ల కుక్కర్ విజిల్‌కి కూడా ఒకదాంట్లో చోటు దొరికింది. ఆ సంగతి సుధామయి పక్కింటావిడకి కూడా చెప్పుకుంది.

పిండి చేతులతోనే నల్లకుంటలో ఉండే నాన్నకి ఫోన్ చేసింది. ఉమాపతి వయొలిన్ మాస్టారు. ఎక్కడైనా అపశ్రుతి వినబడితే ఆ పూట ఆయనకు అన్నం సయించదు.

"అల్లుడుగారి కచేరీయా! ఏ రాగం?"

"రాగం ఉండదు నాన్నా."

"పోనీ, తాళమైనా ఉంటుందా తల్లీ? సరేలే, నా శిష్యుల్నీ వెంటబెట్టుకొస్తా."

సాయంత్రం ఎగ్ పఫ్‌లు కొనుక్కుని క్యాంపస్‌కి వెళ్లారు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని, ఒళ్లో రాలిన పొరల్ని కూడా ఏరుకు తింటూ సుధామయి, "ఇంతకీ నాకు వినిపించవేం?" అంది.

"మన పెండ్లిదే," అంటూ అతను ఆమె చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టాడు.

జీలకర్ర బెల్లం పెట్టే ఘడియ. గట్టిమేళం హోరెత్తింది. తర్వాత అది మెల్లగా వెనక్కి తగ్గింది. దాని అడుగున గాజుల గలగల, ఎవరిదో దగ్గు, ఒక మగమనిషి వెక్కి వెక్కి ఏడవడం. రికార్డింగు కోసం దేవేందర్ మండపం స్తంభానికి కట్టించిన మైకు పక్కనే నాన్న నిలబడ్డట్టున్నాడు.

"ఇంక ఇంట్లో అపశ్రుతి ఎవరు పాడతారే తల్లీ..."

ఆ మాట మళ్లీ వచ్చింది. మళ్లీ మళ్లీ వచ్చింది. సుధామయి హెడ్‌ఫోన్స్ లాగేసింది. నాన్న ఏడవగా ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఇది సంగీతమా దేవేందర్?"

"మేళం అందరు విన్నరు. గిది ఎవ్వరు వినలే. నాకైతే ఇదే సంగీతం."

"ఎవ్వరూ వినకూడదనే కదా మేళం కొట్టించేది! ఆ ఘడియలో ఏడుపు, తుమ్ము చెవిన పడకూడదని. ఆ మోతని నమ్ముకునే కదా నాన్న అంత మందిలో ఏడ్చాడు. ఇప్పుడు నువ్వు మేళం తగ్గించేసి, ఆయన శిష్యుల ముందు..."

దేవేందర్ ముఖం వాడిపోయింది. "మీ నాయిన పరువు తియ్యాలని చేసిన్నా? గా మాట వినంగనే నాకు ఏడుపొచ్చింది, తెల్సా?"

అతను అబద్ధం చెప్పడం లేదు. కష్టమంతా అక్కడే ఉంది. సుధామయికీ ఇంకోసారి వినాలనే ఉంది. పఫ్ ముక్క చల్లారిపోయింది.

"ఆ మాట తీసేయమంటవా?" అన్నాడు చివరికి.

"నన్ను అడుగుతావేం, ఏడ్చింది నేనా?" హెడ్‌ఫోన్స్ అతని ఒళ్లో పెట్టింది. "రేపు పొద్దున్నే, పిల్లలు పాఠానికి రాకముందే నల్లకుంట వెళ్దాం. ఇవి ఆయన చెవులకు నువ్వే పెట్టాలి. వద్దంటే అక్కడే, ఆయన ముందే తీసేస్తావు. పద, తెల్లారకముందే లేవాలి."