చుక్క పడ్డప్పుడు

మా తాతయ్య లాజరు మా ఊరి సినిమా హాల్లో ఆపరేటరుగా చేసేవాడు. నాకు ఐదేళ్లప్పుడు నన్ను క్యాబిన్‌లోకి తీసుకెళ్లి, తెర కనిపించే కంత దగ్గర స్టూలు మీద నిలబెట్టేవాడు. రీలు అయిపోవస్తుంటే తెర పైమూలలో ఒక చుక్క పడుతుంది. అప్పుడు తర్వాతి రీలున్న రెండో ప్రొజెక్టరు మిషను ఆన్ చేయాలి. ఇంకో చుక్క పడగానే బొమ్మని దాని మీదికి మార్చాలి. "చుక్క, తాతయ్యా!" అని కేకెయ్యడం నా పని. నేను అరవకముందే ఆయన చెయ్యి మిషను మీద ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. అయినా గేటు దగ్గర అందరితో, "ఇవాళ ఆట నడిపింది మా హెప్సీయే" అనేవాడు.

రీళ్లు పోయాయి. తర్వాత హాలూ పోయింది. ఇప్పుడక్కడ సిమెంటు గోడౌను.

ఒక పిల్లాడికీ వాళ్ల ఊరి సినిమా హాలుకీ మధ్య నడిచే కథతో కొత్త సినిమా వచ్చిందని టీవీలో చూసి, "బెజవాడ తీసుకెళ్తావా అమ్మా?" అని తాతయ్యే అడిగాడు. మొన్న ఆదివారం చర్చి అవగానే ఆ తెల్లచొక్కాతోనే బస్సెక్కాడు. ఇబ్రహీంపట్నం దాటినా మిషను కబుర్లు ఆగలేదు.

హాల్లో మా ముందు వరసలో సింధూరి కూర్చుని ఉంది. భవానీపురం అమ్మాయి. కాలేజీలో నాతో మాట్లాడేది తనొక్కతే.

సినిమాలో పిల్లాడు వాళ్ల ఊరి హాల్లో ఏదో పాత సినిమా చూస్తున్నాడు. ఆ తెర మూలన చుక్క పడింది. తాతయ్య దిగ్గున లేచి, చెయ్యి పక్కకి చాచి, "హెప్సీ, చుక్క!" అని అరిచాడు.

హాలంతా ఒకటే నవ్వు.

"చుక్కలు ఇంటికెళ్లి లెక్కెట్టుకో పెద్దాయనా, కూర్చో!" వెనకనుంచి ఎవరో అన్నారు.

సింధూరి వెనక్కి తిరిగింది. "మీ తాతగారా?"

"కాదు. మా పక్కింటాయన."

తాతయ్య కూర్చున్నాడు. చాచిన చెయ్యి మెల్లగా ఒళ్లోకి తీసుకున్నాడు.

ఇంటర్వెల్లో నాకు సమోసా తెచ్చిచ్చి, తను కాస్త దూరంగా గోడవారన నిలబడ్డాడు. సింధూరి నవ్వుకుంటూ ఆయన దగ్గరికే వెళ్లింది. "ఏంటి తాతగారూ, ఆ చుక్క గోల?"

"ఏదో ముసలి చాదస్తంలేమ్మా. వీళ్ల పక్కింట్లో ఉంటాను" అన్నాడు.

సమోసా నోట్లోనే ఉండిపోయింది.

తప్పయిందని బస్సులో చెప్పేద్దామనుకున్నాను. గొల్లపూడి వచ్చాక చెబుదాం, ఇబ్రహీంపట్నం వచ్చాక చెబుదాం అనుకుంటూనే మా ఊరు వచ్చేసింది. దిగేటప్పుడు తాతయ్యే అన్నాడు, "బొమ్మ బాగుందమ్మా" అని.

నిన్న టీవీలో పాత సినిమా వేశారు. మూలన చుక్క పడింది. తాతయ్య వేళ్లు కదిలాయి. అంతలోనే పిడికిలి ముడిచేశాడు.

"చుక్క, తాతయ్యా" అన్నాను. మళ్లీ గట్టిగా అన్నాను.

"టీవీలో మార్చేదేం ఉండదులేమ్మా" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

రెండో చుక్క కూడా పడి, పోయింది.