వాగొడ్డు నాగజెముడు

“ముళ్ళు తర్వాత తీసుకుందువుగాని, ముందు ఆ పప్పు ఎనుపు” అంది మా అత్తగారు.

వంటింటి గడప మీద కూర్చుని పిన్నీసుతో అరచేతిలో ముళ్ళు తీసుకుంటున్నాను. నాగజెముడు పెద్ద ముళ్ళు కనిపిస్తాయి, తప్పించుకోవచ్చు. వాటి మొదట్లో ఉండే నూగుముళ్ళే కంటికి ఆనకుండా చర్మంలోకి దిగి, బిందె ఎత్తినా, పప్పుగుత్తి పట్టినా చురుక్కుమంటాయి. లేచి పప్పు ఎనిపాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది నా పెళ్ళయింది. మా నాన్న పసుపు కుంకుమల కింద వాగొడ్డున ఎకరం నా పేర రాశాడు. దాని నిండా నాగజెముడే. చూసొచ్చి మా ఆయన రాఘవులు అరుగు మీద అందరూ వినేలా, “మా మామ కూతురికి ముళ్ళపరుపు పంపాడు” అన్నాడు. నవ్విన వాళ్ళందరికీ మజ్జిగ అందించింది నేనే.

కొన్నేళ్ళు పోయాక ఒక వేసవిలో కత్తి తీసుకుని బయల్దేరాను. పేడ ఎత్తి, గొడ్లకు కుడితి పెట్టి, అన్నం వార్చి మూతపెడితేగాని గడప దాటనిచ్చేవారు కాదు. కట్టెలకొచ్చే ఎలీసమ్మ నాతో చెయ్యి కలిపింది. నేను నరికితే ఆమె పంగలకర్రతో మట్టల్ని కుప్ప వేసేది. నేల మీద ఒక్క మట్ట మిగిలినా వేరు పోసుకునేది. మళ్ళీ నరికేవాళ్ళం. ఎండబెట్టి కాల్చేవాళ్ళం. అలసిపోతే జెముడు పళ్ళు మట్టిలో దొర్లించి, ముళ్ళు పోగొట్టి తిని, ఎర్రబడ్డ నోళ్ళు చూసుకుని నవ్వుకునేవాళ్ళం.

మరో వేసవికి నేల బయటపడింది. మిరప వేశాను. కాయ పండితే దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. “నానా తిప్పలు పడి బాగు చేయించానండీ” అని మా ఆయన వాళ్ళతో చెప్పుకున్నాడు.

కోతలయ్యాక ఒకరోజు భోజనాల దగ్గర ఆయన, “వాగొడ్డు చేను తమ్ముడికిచ్చాను, పొగాకు వేస్తాడంట” అన్నాడు.

“ఎవర్నడిగి ఇచ్చారు?”

“నిన్నడిగేదేందే? మనింటి చేనేగా!”

“మరిది బిడ్డలాంటోడు. పెరుగు వెయ్యి” అంది అత్తగారు.

పెరుగు వేశాను. నా నగలపెట్టె తాళం అత్తగారి మొలలో ఉంటుంది. నా ఆకలి అందరి ఆకళ్ళూ తీరాక మొదలవుతుంది. ‘మనిల్లు’ అన్నప్పుడల్లా ఆ మాటలో నేనూ ఉన్నాననుకున్నాను. చాకిరీకి మాత్రమే ఉన్నానని ఆ పూట తెలిసింది. ఏడుపు రాలేదు. అందుకు నాకే ఆశ్చర్యమేసింది.

మర్నాడు పొద్దున్నే మరిది అంకారావు అరక కట్టుకొచ్చాడు. వెనకే మా ఆయన. వాళ్ళకంటే ముందే వెళ్ళిన నేను ఎడ్లకు అడ్డంగా నిలబడ్డాను.

“తప్పుకో వదినా.”

“చేను నాది అంకారావూ. దున్నేది నేను చెప్పినప్పుడు. ఎడ్లను మళ్ళించుకో.”

పక్క చేలల్లో వాళ్ళు పనులాపి చూస్తున్నారు. అంకారావు అన్న ముఖం చూశాడు, నా ముఖం చూశాడు, అరక తిప్పేశాడు.

“నలుగుర్లో పరువు తీస్తావా? ఇంటికి రా, చెప్తా!” అని అరిచాడు మా ఆయన.

కొంగు బిగించి, ఎండిన మిరపమోళ్ళ మీదికి వంగుతూ అన్నాను:

“వస్తానండీ. ఈ మోళ్ళు పీకడమయ్యాక వస్తా. ఆకలిమీదొస్తాను, అన్నం వార్చి పెట్టండి.”