ఏనుగును ఆరేసిన చెయ్యి

దుప్పటి పిండుతుంటే నా కుడిచెయ్యి చచ్చిపోయింది.

ఈ మాట పైకి అంటే మా ఇంట్లో నవ్వుతారు. "చచ్చిన చెయ్యి టీ టైముకైనా లేస్తుందటే?" అంటారు మావారు. వాళ్ళని అనేందుకూ లేదు. కాపరానికొచ్చిన కొత్తలో, మా పుట్టింటి పిల్లి పాలు తాగాక గిన్నె కడిగి బోర్లించేదని చెప్పినదాన్ని నేను. మూడోనాటికి ఆ పిల్లి, గిన్నెలు సరిగా తెల్లబడలేదని మా అమ్మనే కసురుకునేదాకా వెళ్ళింది. అప్పట్నుంచి ఇంట్లోనూ వీధిలోనూ నా పేరు కోతలమ్మ. వానొస్తోంది, బట్టలు తియ్యండి అన్నా సరే, కిటికీలోంచి చెయ్యి చాచి తడి తగిలితేగానీ ఎవరూ నమ్మరు. నమ్మాక కూడా బట్టలు తీసేది నేనే అనుకోండి.

ఈసారి మాత్రం కోత కాదు. బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్ళూ ఎవరివో తెచ్చి తగిలించినట్టు వేలాడుతున్నాయి. దుప్పటి జారి బకెట్లో పడింది. గిల్లి చూసుకున్నాను. ఏమీ తెలియలేదు. ఇంకా గట్టిగా గిల్లాను. గోటి గుర్తు పడింది గానీ నొప్పి రాలేదు. నొప్పి రాకపోతే ఇంత భయమేస్తుందని నాకు అప్పటిదాకా తెలీదు.

"మణికట్టులో నరం నలిగిపోతోంది. చిన్న ఆపరేషనే. ఆర్నెల్లు దాటనిస్తే మాత్రం ఈ చెయ్యి గ్లాసు కూడా పట్టుకోదు," అంది డాక్టరమ్మ. ఆమె ఆ మాట అని ఐదు నెలలైంది.

మావారిది ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం. ఆపరేషన్ సంగతి చెబితే, "తిమ్మిరికి కూడా కత్తి పడతారా ఈ డాక్టర్లు? కాస్త నూనె రాసుకో," అన్నారు. పోనీ వాషింగ్ మెషీనన్నా కొనమంటే, "అదెంత కరెంటు తాగుతుందో నన్నడుగు. అయినా మెషీనెందుకే, నువ్వున్నావుగా," అన్నారు. మా అత్తయ్య మెచ్చుకోలుగా తలూపింది. "దీనికైతే రిపేర్లు కూడా రావురా," అంది. అందరం నవ్వాం. అందరికంటే ముందు నేనే నవ్వాను.

నవ్వనిది ఎదురింటి టైలరమ్మ ఒక్కతే. నా చెయ్యి తిప్పి తిప్పి చూసి, "అక్కా, ఇంట్లో ఊరికే కోసే కోతలు ఫోన్లో కొయ్యి," అంది. పద్ధతి తనే నేర్పింది. ఒక ఆన్‌లైన్ దుకాణం వాళ్ళ సామాను గురించి చిన్న వీడియో చేసి, కింద వాళ్ళ లింకు పెట్టాలి. ఆ లింకు నొక్కి ఎవరేది కొన్నా మనకి కొంత కమీషన్. అది డబ్బులు పంపే ఇంకో కంపెనీ యాప్‌లో పోగవుతుంది. అక్కణ్ణించి మన బ్యాంకుకి తీసుకోవాలి. బ్యాంకు పాసుపుస్తకాన్ని టైలరమ్మ గుడ్డముక్కల మూటలో దాచాం.

మొహం చూపించకుండా చెయ్యొక్కటే చూపిస్తూ, బట్టల క్లిప్పుల మీద మొదటి వీడియో చేశాను. "మొన్న మా వీధిలోకి ఏనుగొచ్చిందండీ. ఒళ్ళంతా దుమ్ము. చూళ్ళేక స్నానం చేయించి దండేనికి ఆరేశాను. రెండే క్లిప్పులు పట్టాయి, చెవికొకటి. సాయంత్రానికి చక్కగా ఆరింది గానీ, ఇస్త్రీ మాత్రం చెయ్యనివ్వలేదు!" జనం ఎగబడి కొన్నారు. ఆ తర్వాత పీచూ, బకెట్టూ, చీపురూ, ఏది పట్టుకున్నా ఏనుగు ఏదో ఒక మూల నుంచి వచ్చేది.

ఒకరోజు టీ తీసుకుని హాల్లోకి వెళ్ళేసరికి, మా మరిది ఫోన్లోంచి నా ఏనుగు నాకే వినిపించింది.

"అన్నయ్యా, ఈవిడెవరో అచ్చం వదినలాగే కోస్తోంది!"

"కోతలక్కూడా డబ్బులిస్తారట్రా? మనావిడ ఇంట్లో ఊరికే కోసి పారేస్తోంది," అన్నారు మావారు.

ఇద్దరూ నా వంక తిరిగారు. ఏ అబద్ధం చెప్పినా దొరికిపోతాను. అందుకని నిజమే చెప్పాను.

"ఆవిడ నేనే. మీ అన్నయ్య జీతమంత సంపాదిస్తున్నా."

జీతం మాటొక్కటే కోత. అత్తయ్యకి నవ్వి నవ్వి పొలమారింది. వీపు నిమిరింది కూడా నేనే. నిజాన్ని నట్టింట్లో దాచేసి వంటింట్లోకి వచ్చి, కడిగిన గిన్నెనే మళ్ళీ మళ్ళీ కడిగాను.

అంత భయం దేనికంటే, ఆయన కొట్టే మనిషి కాదు. అరిచే మనిషి కూడా కాదు. నవ్వుతూ చెయ్యి చాస్తారు, అంతే. రెండేళ్ళ కిందట, టైలరమ్మకి గుండీలు కుట్టిపెట్టి పౌడరు డబ్బాలో దాచుకున్న డబ్బు బయటపడినప్పుడూ అలాగే చాచారు. "ఇంట్లో నీదీ నాదీ ఏంటే పిచ్చిదానా," అన్నారు. మూత తీసి నా చేత్తో నేనే పోశాను. బండికి కొత్త టైర్లొచ్చాయి. ఆయన చాచిన చేతిలో ఏదో ఒకటి పెట్టడం నాకలవాటు. టవలు, తాళాలు, గ్లాసు. పందొమ్మిదేళ్ళలో ఆ చెయ్యి ఒక్కసారి కూడా ఖాళీగా వెనక్కి వెళ్ళలేదు. నా భయం ఆయన చెయ్యంటే కాదేమో, నా అలవాటంటేనేమో.

ఆపరేషన్‌కి డాక్టరమ్మ చెప్పిన డబ్బంతా యాప్‌లో పోగైన రోజున 'విత్‌డ్రా' నొక్కాను. ఎర్రగా ఏదో వచ్చింది. నేను కూడబలుక్కునే లోపే టైలరమ్మ చదివేసింది. "మీ ఖాతా తాత్కాలికంగా నిలిపివేయబడింది. మీరు మీరేనని ధ్రువీకరించండి."

పై ప్రాణాలు పైనే పోయాయి. ముప్పై తొమ్మిదేళ్ళొచ్చాయి, నువ్వు నువ్వేనా అని నన్నింతవరకు ఎవరూ అడగలేదు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే పాట పెట్టారు. పాట మధ్యలో ఒకమ్మాయి, "మీ కాల్ మాకెంతో ముఖ్యం," అంటుంది. నా మాట ముఖ్యమన్న మొదటి మనిషి! తీరా చూస్తే ఆమె మనిషి కాదు, రికార్డింగు.

చివరికి తేలిందేమిటంటే, వీడియో తీసుకోవాలి. మొహం మీద వెలుతురు పడాలి. ఫోను మనమే పట్టుకోవాలి. వెనక ఇంకో గొంతు వినపడకూడదు. తెర మీది మాటలు స్పష్టంగా పలకాలి. "ఈ ఖాతా నాది. ఇందులోని సొమ్ము నా సంపాదన. ఎవరి ఒత్తిడీ లేకుండా నేనే తీసుకుంటున్నాను." అవకాశాలు మూడే. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాటితే ఖాతా మూసేసి, కమీషనంతా దుకాణానికి తిప్పి పంపేస్తారు.

ఏనుగుని ఆరేసినదాన్ని, ఈ మూడు ముక్కలనడానికి నోరు పెగల్లేదు. టైలరమ్మ పదిసార్లు చెప్పి బట్టీ పట్టించింది. "గట్టిగా అను అక్కా." "ఎవరైనా వింటారే." "వినాలనేగా అనేది!"

మా ఇంట్లో లోపల గడియ ఉన్న గది బాత్రూం ఒక్కటే. గురువారం బల్బు కింద నిలబడి "ఈ ఖాతా నాది" అన్నానో లేదో, తలుపవతల అత్తయ్య.

"ఎవరితోనే మాటలు లోపల?"

"బకెట్‌తో అత్తయ్యా!"

"ఏమంటోందీ?"

"నిండిపోయానంటోంది!"

ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళింది. నా మొదటి అవకాశం కూడా ఆవిడ వెనకాలే వెళ్ళింది.

శనివారం టైలరమ్మ మిషను ఆపి, తలుపు మూసింది. రెండో ముక్కలో ఉండగా చెయ్యి చచ్చింది. ఫోను జారి గుడ్డల్లో పడింది. "ముఖం కనిపించలేదు. మిగిలిన అవకాశం ఒకటి," అని వచ్చింది తెర మీద. కుడిచేత్తో పట్టుకోవడం నాదే తప్పు. "రేపు పదకొండింటికి రా, ఎడంచేత్తో పట్టుకుందువుగాని," అంది టైలరమ్మ.

ఆదివారం పదకొండింటికి వెళితే తలుపుకి తాళం. చెల్లెలికి నొప్పులొస్తున్నాయని కబురొస్తే ఆసుపత్రికి పరిగెత్తిందట. వీధిలో నిలబడి తీద్దామంటే హారన్లు. ఎవరింటికని వెళ్ళను, ఏమని చెప్పను? చెప్పినా, కోతలమ్మ కదా, ఎవరు నమ్ముతారు? కాసేపు ఆ తాళాన్ని పట్టుకుని నిలబడ్డాను. తాళం చల్లగా ఉందో వేడిగా ఉందో నా వేళ్ళకి తెలియలేదు.

ఇంటికొచ్చాను. బాత్రూం గుడ్డి బల్బునీ, తలుపవతల అత్తయ్య చెవులనీ మళ్ళీ నమ్మలేను. మా ఇంట్లో మొహం మీద బాగా వెలుతురు పడే చోటు కూడా ఒక్కటే, హాల్లో కిటికీ పక్కన. ఆ కిటికీ పక్కనే అత్తయ్య కుర్చీ. మరిది టీవీలో ఆట చూస్తున్నాడు. మావారు పేపరు. పన్నెండుకి ఇంకా ఇరవై నిమిషాలు. "వచ్చావా? నా నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?" అన్నారు పేపర్లోంచి తలెత్తకుండానే. వంటింట్లోకి వెళ్దామనే అడుగేశాను. ఆ అడుగు ఎటు తిరిగిందో తెలీదు, వెళ్ళి టీవీ కట్టేశాను.

"అదేంటి వదినా!"

"ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకండి."

వాళ్ళు అది నటన అనుకున్నారు.

"ఏనుగు మళ్ళీ వచ్చినట్టుందిరా," అన్నారు మావారు పేపరు మడుస్తూ. "కానీ, కానీ." అత్తయ్య నోటికి అడ్డంగా వేలు పెట్టుకుంది. ముగ్గురూ నవ్వు ఆపుకుంటూ నోళ్ళు మూసుకున్నారు. పందొమ్మిదేళ్ళలో ఆ ఇల్లు నా కోసం ఊరుకోవడం అదే మొదలు. ఫ్యాను చప్పుడు కూడా వినిపించింది.

కిటికీ పక్కన నిలబడి, ఫోను ఎడంచేత్తో పట్టుకున్నాను. తెరలో నా మొహం పాలిపోయి ఉంది.

"ఈ ఖాతా నాది. ఇందులోని సొమ్ము నా సంపాదన. ఎవరి ఒత్తిడీ లేకుండా నేనే తీసుకుంటున్నాను."

పిల్లి లేదు, ఏనుగు లేదు. ఉప్పూ కారం కలపకుండా నేను ఆ ఇంట్లో చెప్పిన మొదటి మాట అది. చెప్పడం అయిపోయింది. నిమిషం కూడా అయిపోయింది. అయినా ఎవరూ మాట్లాడలేదు. నమ్మారు. దేవుడా, నమ్మేశారు. ఇన్నాళ్ళూ నవ్వు వెనక దాక్కున్నదాన్ని, ఇప్పుడెక్కడ దాక్కోను?

తెర మీద పచ్చటి టిక్కు వచ్చింది. కింద 'విత్‌డ్రా' వెలిగింది. కుడి వేళ్ళతో నొక్కలేను కనక ఫోను ఆ చేతిలోకి మార్చుకున్నాను.

మావారు లేచొచ్చారు. నవ్వుతూనే ఉన్నారు. చెయ్యి చాచారు.

"ఏదీ, ఇలా ఇవ్వు."

నా మోచెయ్యి కదిలింది. నిజం, దానంతటదే కదిలింది. పందొమ్మిదేళ్ళ అలవాటు భుజంలోంచి బయల్దేరి మణికట్టు దాకా వచ్చి, అక్కణ్ణించి ముందుకి పోలేక ఆగిపోయింది. వేళ్ళకి ఏ కబురూ అందలేదు. ఆ చచ్చిన వేళ్ళు ఫోనుని ఎలా పట్టుకున్నవి అలాగే పట్టుకుని ఉన్నాయి.

ఎడంచేత్తో నొక్కాను.

"బుధవారం ఆపరేషన్ చేయించుకుంటున్నా," అన్నాను. "నెల్లాళ్ళు బట్టలు మీరే చూసుకోవాలి."

"ముందు ఫోనివ్వవే," అన్నారాయన. ఈసారి నవ్వు లేదు. చెయ్యి మాత్రం అలాగే చాచి ఉంది.

"ఇవ్వను."

ఫోను నా చేతిలో ఉందో జారిపోయిందో చేతికి తెలియడం లేదు. అందుకని ఆయన మొహం వంక చూడకుండా, నా చేతి వంకే చూస్తూ పట్టుకున్నాను.