నలభై అక్షరాల వెడల్పు

కూరకు తాలింపు పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని దీపిక లాప్‌టాప్ తెరిచిందో లేదో, వసారాలోంచి అత్తగారు సుబ్బరత్నం అడగనే అడిగింది, కొట్టు కనపడుతుందా అని. కనపడక ఏం చేస్తుంది! దీపిక కోడ్ రాసుకునే ఎడిటర్ తెరుచుకోవడమే తెరకి ఎడం పక్కన, నలభై అక్షరాల వెడల్పున తెరుచుకుంటుంది. మిగతాదంతా చండ్రుగొండ సెంటర్లో భర్త జయప్రకాశ్ ఎరువుల కొట్టు కెమెరాది. ఆయన టీకి వెళ్ళినా, మిర్చి తోటలు చూడ్డానికి వెళ్ళినా, కొట్టు ముందు ఎవరు నిలబడ్డారో ఇంట్లోంచి చూసి ఫోన్ చెయ్యడం భార్య పని.

"ఎట్లాగూ కూర్చొనే ఉంటవు గదా, ఓ కన్నేసి ఉంచు," అన్నాడు మూడేళ్ళ కిందట కెమెరా పెట్టించిన రోజు. ఓ కన్నట! రెండో కన్నుతో కోడ్ రాసుకోవాలన్నమాట, మహానుభావుడు. ఇంకా ఒళ్ళు మండే సంగతేంటంటే, ఎడిటర్ అంత చిన్నగా తెరుచుకునేటట్టు సెట్టింగ్స్ ఫైల్లో రెండు లైన్లు రాసింది తనే. కొత్త కెమెరా చూసి మొగుడు మురిసిపోతున్నాడు కదా అని రాసింది. అప్పట్నుంచీ ప్రతి లైనూ సగంలో తెగిపోతుంటే పక్కకు జరుపుకుంటూ చదువుతోంది. ఖర్మకాలి ఎప్పుడైనా విండో పెద్దది చేసుకుంటే, రైతు వచ్చి వెనక్కి పోయిండు, ఇంట్లో ఉండి ఏం చేస్తున్నవని సాయంత్రం దాకా సణుగుడు.

ఇప్పుడు అసలుకే ఎసరొచ్చింది. కొత్త ఉద్యోగంలో పెట్టిన మూడు నెలల ట్రయల్ ఇవాళ మధ్యాహ్నంతో ఆఖరు. లైను చివర ఉన్న షరతు ఒకటి కంటికి ఆనక తప్పుగా వదిలేసింది, ప్రోగ్రాం ఆగిపోయింది. నిన్న మీటింగులో తెర చూపించమంటే చూపించింది. టీమ్ లీడర్ పద్మప్రియ కాసేపు చూసి, "దీపికా, నీ కోడ్ పక్కన ఆ యూరియా బస్తాలేంటి?" అంది. అందరూ నవ్వారు. దీపిక కూడా నవ్వింది, ఏడుపొస్తుంటే నవ్వింది. రేపు పన్నెండులోపు సరిచెయ్యకపోతే తన చేతుల్లో ఏమీ ఉండదని పద్మప్రియ తర్వాత విడిగా చెప్పింది.

సెట్టింగ్స్ ఫైలు తెరిచింది. లేచి నీళ్ళు తాగింది, పొయ్యి కట్టేశానా అని చూసొచ్చింది, మళ్ళీ కూర్చుంది. భయమా అంటే భయమే. ఇంట్లో పడబోయే మాటలన్నీ ముందే వినిపిస్తున్నాయి. ఒక అంకె మార్చడానికి ఇంత తటపటాయింపేంటని తన మీద తనకే అసహ్యం వేసింది. నలభై కొట్టేసి, తెర నిండా పట్టేంత అంకె వేసింది. ఎడిటర్ మూసి మళ్ళీ తెరిచింది. కొట్టు కనపడలేదు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తన లైన్లే. తప్పు పది నిమిషాల్లో దొరికింది. సరిచేసి పంపేసింది.

బాగుంది, సోమవారం నుంచి కొనసాగమని పద్మప్రియ మెసేజ్ పెట్టింది. ఆ వెనకే జయప్రకాశ్ ఫోన్.

"పోతయ్య యూరియాకొచ్చి పిలిచి పిలిచి పోయిండంట. కెమెరా చూస్తలేవా?"

"లేదు. నా పనికి స్క్రీన్ మొత్తం కావాలి. ఇక చూడను."

ఈసారి మెత్తగానే అడిగాడు. "మరి కొట్టెవరు చూస్తరు?"

"ఆ మాట మూడేళ్ళ కిందట అడగాల్సిందండీ," అంది దీపిక.