తొలి పళ్లెం

మద్రాసు పెద్దాసుపత్రిలో డాక్టరు నా ఒంటిమీద గీతలు గీసి, ఇరవై ఒక్క రోజులు వాటిని కాపాడుకొమ్మని ఊరికి పంపించాడు. ఊదారంగు సిరా గీతలు. మెడ ఎముక కింద మొదలై, ఎడమ రొమ్ము కోసేసిన చోటును చుట్టి చంకదాకా పోతాయి. గడ్డ మళ్లీ లేవకుండా కరెంటు పెట్టేది ఆ గీతల లోపలే. మొదటి విడతకే చర్మం కమిలి నల్లబడింది కాబట్టి, అది కాస్త మానాక రెండో విడత పెడతామన్నారు. "నీళ్లు తగలనీయవద్దు, నూనె పూయవద్దు. గీతలు చెరిగితే కాలిన చోటే మళ్లీ కాలుతుంది, కాలవలసిన చోటు మిగిలిపోతుంది" అని అరవం కలిసిన తెలుగులో రెండుసార్లు చెప్పాడు. ఆ మిగిలిపోయిన చోటే నన్ను చంపుతుందని మాత్రం చెప్పలేదు. ఆమాత్రం తెలివి నాకు లేదా?

ఆళ్లగడ్డకు రెండు మైళ్లలో ఉంది మా ఊరు. వచ్చిన రోజునుంచీ నాకు కుదురు లేదు. రోజుకు పదిసార్లు గదిలోకి పోయి, తలుపేసుకుని, రవిక విప్పి గీతలు చూసుకునేదాన్ని. చలికాలంలో కూడా భయానికి చెమట పట్టేది. చెమటకు దురద. గోకితే గీత పోతుంది. చేతులు ఊరికే ఉండలేక కందులు ఏరి, ఏరినవే మళ్లీ పోసుకుని ఏరేదాన్ని. మా ఆయన చెన్నకేశవులు "కాసేపు పండుకోరాదా" అంటే ఇంతెత్తున లేచేదాన్ని. పాపం, ఆయనేం చేశాడు!

వారానికొకసారి బొగ్గుతో నడిచే బస్సులో నంద్యాల పోయేవాళ్లం. అక్కడి మిషనాసుపత్రిలో నర్సమ్మ కాలిన చోట పొడి అద్ది, మసకబారిన గీతమీద సిరా దిద్దేది. "గీత కనపడితే దిద్దుతాను. కనపడకుంటే నా చేతిలో ఏం లేదమ్మా" అనేది. పనయ్యాక కళ్లు మూసుకుని వాళ్ల దేవుడికి నాకోసం ప్రార్థన చేసేది. నేనూ కళ్లు మూసుకుని మా అహోబిలం స్వామితో మాట్లాడేదాన్ని. మాట్లాడటమేముంది, పోట్లాటే. అంత హిరణ్యకశిపుణ్ణి గోళ్లతో చీల్చినోడివి, నిమ్మకాయంత గడ్డ నీకు కనపడలేదా అని అడిగేదాన్ని. అడిగాక భయమేసి లెంపలేసుకునేదాన్ని.

ఆ స్వామే మా ఊరికి వస్తున్నాడు. ఏటా కనుమనాడు కొండ దిగి, పల్లకీలో నలభై రోజులకు పైగా ఊరూరూ తిరిగి, తన పెళ్లికి తానే అందరినీ పిలుస్తాడు. పారువేట అంటారు. పల్లకీ దించే అరుగును తెలుపు అంటారు. మా ఊరి తెలుపు దగ్గర తొలి హారతి పళ్లెం మా ఇంటిది, తాతల కాలంనుంచీ వస్తున్న హక్కు. ఇంటికోడలు తలకు పోసుకుని, తడి ఆరకముందే పళ్లెం పట్టుకుపోవాలి. ఒక్క ఏడు తప్పితే హక్కు పక్కింటికి పోతుంది. పల్లకీ శుక్రవారం వస్తుంది. శనివారం నంద్యాలలో రైలెక్కితేనే నేను సోమవారం రెండో విడతకు మద్రాసు చేరతాను.

మా అత్త నరసింహమ్మ. స్నానం కానిదే ఉప్పుజాడీ కూడా ముట్టదు. మామ పోయినప్పటినుంచీ పళ్లెం ఆమె పట్టకూడదు, నేనే పట్టాలి. ఇంట్లో ఇంకో కోడలు లేదు.

"తలకు పోసుకోకుండా స్వామి ఎదురుగా యాడ నిలబడతావ్ మే?" అంది మంగళవారం.

"గీతలు చెరుగుతాయత్తా."

"డాక్టరు పెద్దోడా, స్వామి పెద్దోడా?"

"స్వామే పెద్దోడు. కరెంటు పెట్టేది మాత్రం డాక్టరు. తల ఒక్కటి తడుపుకుంటాలే."

"తలమీద పోసిన నీళ్లు యాడికి పోతాయి, పైకి పోతాయా?"

నిజం చెప్పాలంటే అత్త మాటకంటే నా మనసే నన్ను ఎక్కువ తినేసింది. స్వామికి కోపం వస్తే కరెంటు మాత్రం ఏం పనిచేస్తుంది? ఆయన దయ లేకుండా బతికినవాళ్లెవరు? ఒక గడియ పోసుకోకూడదనీ, ఇంకో గడియ పోసుకుని తీరాలనీ అనుకుంటూ శుక్రవారందాకా వచ్చాను.

శుక్రవారం పొద్దున ఊరి బయట డప్పులు వినపడ్డాయి. దొడ్లో తడికచాటుకు పోయాను. కాగులో నీళ్లు కాగుతున్నాయి. చెరిగితే చెరగనీ, స్వామిని ఎదురుగా చూసి చస్తే చాలనుకున్నాను. చెంబు ముంచి కుడిచేత్తో తలమీదికి ఎత్తాను.

వెనకనుంచి ఒక చెయ్యి చెంబును పట్టుకుంది. అత్త.

"దించు."

"నువ్వే కదా పోసుకోమంటివి?" నాకు ఒళ్లు మండింది.

"అంటి. ఇప్పుడు దించమంటాండా." చెంబు లాక్కుని నీళ్లు నేలమీద గుమ్మరించింది. "తెల్లారి నిన్ను లేపుదామని వస్తి. నిద్దట్లో కూడా ఆ గీతలమీద చెయ్యి అడ్డం పెట్టుకోని పండుకోనుండావ్, చంటిబిడ్డను కాచుకున్నట్ల. రవిక పక్కకు జరిగుండె. ఆ కాలిందాన్ని చూసినా. అంత కాలిందని నాకు చెప్పల్యా నువ్వు."

అప్పుడు చూశాను. అత్త జుట్టు పొడిగా ఉంది. నిన్నటి చీరే కట్టుకుని ఉంది. నా ఎరుకలో స్నానం చేయకుండా ఆమె గడప దాటింది లేదు.

"నువ్వూ పోసుకోలేదా అత్తా?"

"ల్యా. నువ్వొక్కదానివే మైలగా నిలబడితే నలుగురూ నిన్నే చూస్తారు. పా."

తెలుపు దగ్గర ఊరంతా ఉంది. మేమిద్దరం వెనక, బండ్ల పక్కన నిలబడ్డాం. పల్లకీ దించారు. వెంట వచ్చిన అర్చకుడు పార్థసారథి స్వామి ముందువరస వెతికి, మమ్మల్ని చూసి, "నరసింహమ్మా, తొలి పళ్లెం యాడ?" అని కేకేశాడు. తలలన్నీ మావైపు తిరిగాయి.

"మా ఇంట్లో ఈ పొద్దు స్నానాలు ల్యావు సామీ" అంది అత్త, గొంతు తగ్గించకుండా. "కోడలి ఒంటికి నీళ్లు తగలకూడదు. నేనూ పోసుకోల్యా. కమలాక్షమ్మను రమ్మను."

కమలాక్షమ్మది పక్కిల్లు. ఆమె బిత్తరపోయింది.

"ఆలోచించుకోని చెప్తాండావా? మళ్లీ ఏటికి అడిగితే కుదరదు" అన్నాడు అర్చకుడు.

"ఆలోచించుకునే చెప్తాండా."

కమలాక్షమ్మ పళ్లెం ముందుకు పోయింది. హారతి వెలిగింది. అందరూ గోవిందా అన్నారు, మేమూ అన్నాం. అత్త పెదవి కొరుక్కుని ఆ పళ్లేన్నే చూస్తోంది. నాకు ఏడుపు ఆగలేదు.

"బాధగా ఉందా అత్తా?"

"ఎందుకుండదు? కడుపు మండిపోతాంది" అంది. నా కుడిచెయ్యి గట్టిగా పట్టుకుంది. "పట్టేదానివి నువ్వు ల్యాకుంటే, ఆ పళ్లెం పెట్టుకోని నేనేం చేసుకోవల్ల మే?"

పల్లకీ లేచేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు.